వేట ఆగిన నెలల్లో గేటుకి తాళం

మంగళవారం, రాత్రి

ఒళ్ళు ఇంకా మండిపోతోంది. మా నూకరత్నానికి పోల్‌వాల్ట్ ఏడాది ప్లాన్ కోచ్‌గా నేను వేసిందే సముద్రంలో చేపల వేట నిషేధం చూసుకుని. మిగతా నెలల్లో ఆ పిల్ల తెల్లారకముందే హార్బర్‌లో అమ్మతో చేపల గంపలు మోసి, నడుం పట్టేసి గ్రౌండ్‌కి వస్తుంది. అందుకే అప్పుడు తేలిక కసరత్తులు. పడవలు ఒడ్డెక్కే ఈ ఎండాకాలంలోనే పెద్ద పోల్, ఫుల్ రన్నప్. నిన్న వేట ఆగింది. ఈరోజు వెళ్తే గ్రౌండ్ గేటుకి తాళం!

గ్రౌండ్ చూసే కొత్త స్పోర్ట్స్ ఆఫీసర్‌ని అడిగితే, "ఎండాకాలం ఆటగాళ్ళకి రెస్టండీ, ప్లాన్ అందరికీ ఒకటే" అన్నాడు. రెస్టట! గంప ఎత్తిన మొహమేనా అది? మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎదురు తిరిగితే పిల్లని పోటీలకి పంపడేమోనని భయం. ఆ భయం మీదే నాకు ఎక్కువ కోపం.

బయట రత్నం తన పోల్ పట్టుకుని నిలబడే ఉంది. "ఏటి సార్, తియ్యనన్నారా? నాన్న మళ్ళీ ఏటకెల్లేలోపే కదా నాను ఎగరాల?"

ఎగిరి పడడానికి పరుపులు లోపలే ఉండిపోయాయి. పరుగైతే ఇసకలో పెట్టొచ్చు. "రేపు పొద్దున్నే మీ పడవల దగ్గరికే వస్తాను" అన్నాను.

ఆ ఇసకకి కూడా తాళం వెయ్యమను, చూస్తాను.