ఫార్మలిన్ సీసాలో మన పగడం

సుగుణా,

ఎలా ఉన్నావు? రాశాక చూసుకుంటే నవ్వొచ్చింది. అయినా కొట్టెయ్యడం లేదు... ఆ మాట అడక్కుండా నీకు ఉత్తరం మొదలుపెట్టడం నాకెప్పుడు చేతనైంది కనక!

నువ్వు పోయి ఏడాది దాటింది. నిరుడు చలికాలంలో చిత్తూరు ఆసుపత్రి వరండాలో నీ శాలువా మడతపెట్టి పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు మళ్లీ తిరుపతిలో పొద్దున్నే కొండ కనపడనంత మంచు.

ఇవాళ బడికి వెళుతూ ఒక కవరు పోస్టులో వేశాను. అందులో ఏముందో నీకు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. మన పగడం సంగతి.

నువ్వు పోయిన రెండు మూడు నెలలకు మద్రాసు నుంచి మన ప్రొఫెసరు గారు రాశారు. మనం పంపిన బొమ్మలు చూస్తే అది కొత్త జాతిలాగే ఉందట. వివరణ పూర్తిచేసి పంపితే అచ్చువేయిస్తానన్నారు. పేరు నన్నే పెట్టమన్నారు. నేను వెనకాముందు చూడలేదు. నేనేనా, అనిపిస్తోంది ఇప్పుడు! లాటిన్ పద్ధతిలో నీ పేరుకు చిన్న తోక తగిలించి 'సుగుణే' అని రాసి పంపేశాను. పెళ్లీ పిల్లలూ లేకుండా, హాస్టలు పిల్లల జడలు వేస్తూ బతుకు వెళ్లదీసిన దానివి. లోకంలో ఎక్కడో ఒక చోట నీ పేరు చెక్కుచెదరకుండా ఉండాలనుకున్నాను. తప్పా?

ఆ జంతువు మనకు చేరిన రోజు గుర్తుందా? మీ దేవసహాయం అన్న తంతి ఓడలో పనిచేసేవాడు. సముద్రం అడుగున పరిచిన తంతి తీగ తెగితే పైకి లాగి అతికే ఓడ. ఐదారు వందల బారల లోతు నుంచి వచ్చిన తీగకు ఎర్రటి పుట్టగొడుగులాంటిది అంటుకుని ఉంటే, చెల్లెలు జంతుశాస్త్రం చదివింది గదా అని ఓడ డాక్టరు దగ్గర స్పిరిట్ అడిగి, సీసాలో వేసి నీకు తెచ్చిచ్చాడు. నువ్వు రమ్మని కబురు పెడితే పాకాల దగ్గర బండి మారి, అన్నం కూడా తినకుండా వచ్చిపడ్డాను.

పగడమంటే ఉంగరంలో పొదిగే రాయే అనుకుంటారు జనం. మా వీధిలో వాళ్లు ఇప్పటికీ తులం ఎంత పలుకుతుందని అడుగుతున్నారు. ఇది మెత్తటి పగడం. తడిపిన తోలులాగా ఉంటుంది. దాని తలమీద పెద్ద పాలిప్‌లు, ఆ గుంపులోని ఒక్కో ప్రాణీ, పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కోదానికి ఎనిమిది చేతులు, ప్రతి చేతికి రెండు పక్కలా ఈకకు ఉన్నట్టు కుచ్చు. వాటి మధ్యనంతా కంటికి ఆనీ ఆనని చుక్కలు... అవీ పాలిప్‌లేనని కోసి చూస్తే గాని తెలియలేదు. చేతులు లేవు, తిండి తినవు. నీళ్లు లోపలికి పీల్చి ఒళ్లంతటినీ బిర్రుగా నిలబెట్టడమే వాటి పని. నువ్వు భూతద్దం నాకిచ్చి అన్నావు: "పెద్దోళ్లు తింటారు, సిన్నోళ్లు నీళ్లు మోస్తారు. మా హాస్టలు మాదిరే ఉండాది గదే!"

స్పిరిట్ మార్చాల్సిన రోజు దగ్గరే వచ్చింది చిక్కు. జంతువు ఒంట్లో నీళ్లు దిగి మొదటి స్పిరిట్ పలచబడుతుంది, కొత్తది పొయ్యాలి. మన జిల్లాలోనేమో మద్యనిషేధం. స్పిరిట్ చుక్క కావాలన్నా ఆఫీసుకు పోయి పర్మిట్టు అడగాలి. నీ మాటలు నా చెవిలో అట్లాగే ఉన్నాయి: "సూడు రుక్కూ, మిషన్ హాస్టలు వార్డెను సారాయి పర్మిట్టుకు వచ్చినాదని ఒక్కడు అన్నాడంటే సాలు, ఆదివారం గుడికి పొయ్యేదానికి లేదు నాకు. పోనీ నువ్వు పోయి అడుగు, దేవుడి కొండ కింద కూసోని!"

నేనా? మా అత్తగారు బతికున్న రోజులవి. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. ఆసుపత్రి నుంచి ఫార్మలిన్ తెచ్చి పోశాం. శవాలే చెడకుండా ఉంటాయి కదా, పగడం ఎందుకు చెడుతుంది అనుకున్నాం...

చెడింది సుగుణా.

ఈ రకం జంతువులకు రంగు చూసి, ఆకారం చూసి జాతి చెప్పలేం. బతికినప్పుడు ఉబ్బుతుంది, సీసాలో ముడుచుకుపోతుంది. మాంసంలో చెదిరి ఉండే సున్నపు ముళ్లే దాని అసలు గుర్తులు. పుస్తకాల్లో దీనికి దగ్గరగా ఉన్న జాతులన్నిటికీ ఆ ముళ్ల మీద బొడిపెలున్నాయి. మనదానికి దాదాపు నున్నన. కొత్త జాతి అన్నామంటే ఆ ఒక్క నునుపు చూసుకునే కదా.

దసరా సెలవుల్లో ప్రొఫెసరు గారు ముళ్ల బొమ్మలు ఇంకొంచెం పెద్దవి వేసి పంపమన్నారు. సీసాలోంచి కొత్తగా చిన్న ముక్క కోసి, కాస్టిక్ సోడాలో మరిగించి, మాంసం కరిగాక మిగిలిన ముళ్లను నీ మైక్రోస్కోపు కింద పెట్టాను. పక్కన, ఫార్మలిన్ పోసిన కొన్నాళ్లకే నువ్వు చేసిన స్లైడు. నీ స్లైడులో ముళ్లు లావుగా, అక్కడక్కడ అరిగిన బొడిపెలతో ఉన్నాయి. నా దాంట్లో సన్నగా, గుండుసూదుల్లా. ఒకే జంతువు, ఒకే సీసా! మధ్యలో గడిచింది కాలం ఒక్కటే... ఫార్మలిన్ పాతబడేకొద్దీ పులుస్తుంది, పులుపు సున్నాన్ని తింటుంది. మనం జాతి లక్షణమని రాసింది సీసా చేసిన పనేమో?

నేను పోయి మంచమెక్కాను. "నీకు అనుమానం వస్తే మంచమెక్కుతావు. నాకు వస్తే మళ్లా సూస్తా. అంతే తేడా" అనేదానివి. మళ్లీ చూడాలంటే ఫార్మలిన్ తగలని ముక్క కావాలి. అది ఎక్కడ దొరుకుతుంది?

దేవసహాయం అన్న గుర్తొచ్చాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి గూడూరులో ఉంటున్నాడు. కాళహస్తి మీదుగా రైల్లో వెళ్లాను. నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, ఆ వెంటనే నిమ్మకాయలు కోశాడు. ఆ ఊళ్లో ఎవరింటికి పోయినా ముందు అదే కదా. ఆ రోజు కోసిన తీగ ముక్క జ్ఞాపకానికి దాచుకున్నాడు. తీగకు చుట్టిన జనపనార మీద రేగిపండంత పిల్ల పగడం ఎండి, ముడుచుకుని, ఇంకా అంటుకునే ఉంది! ఆ ఆనందంలో ఆయన నిమ్మరసం చేతులతోనే దాన్ని తీయబోతే అరిచినంత పని చేశాను. పాపం, బెదిరిపోయాడు. అప్పుడు కోడిగుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండి చూపించాను. బుసబుస పొంగింది. దాన్నే చూస్తూ, అయితే మా సుగుణ సీసాలో జరిగింది ఇదేనామ్మా అన్నాడు. ఆయన చేత చేతులు కడిగించి, ఆ పిల్ల పగడాన్ని నారతో సహా కత్తిరించి తెచ్చుకున్నాను.

తిరుపతి వచ్చి, బడి లేని రోజున ఆ ఎండిన ముక్కలోంచి ముళ్లు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని చూశాను. అద్దం తిప్పి వెలుగు సరిచేశానో లేదో... కాకరకాయలు! ప్రతి ముల్లు మీదా వరసలు వరసలుగా బొడిపెలు, గాజులాగా మెరుస్తూ. అండమాను వైపు ఎప్పుడో దొరికిందని పుస్తకంలో ఉన్న జాతే. అందులోని బొమ్మకూ దీనికీ వెంట్రుకంత తేడా లేదు.

ఒక మాట చెప్పనా? నీ పేరు పోయిందన్న దుఃఖం తర్వాత వచ్చింది. ముందుగా నాకు కలిగింది, ఎంత బాగున్నాయో అన్న సంతోషం. పక్కకు జరిగి నీకు చోటివ్వబోయాను కూడా.

తర్వాత వారమంతా కొట్టుమిట్టాడాను. వివరణ అచ్చుకు సిద్ధంగా ఉంది. ఆ ఎండిన ముక్క సంగతి నాకూ అన్నకూ తప్ప ఎవరికీ తెలియదు. సముద్రం అడుగు నుంచి ఇంకోటి తెచ్చి సరిచూసేవాళ్లు ఎప్పటికి రావాలి? నీ పేరు అలా ఉండిపోతే ఎవరికి నష్టం? కానీ... నువ్వు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతూ గొణిగేదానివి చూడు, "సూసినది రాయండే, సూడంది నాకెందుకు" అని. నీ పేరు పెట్టిన కాగితంలోనే చూడనిది ఎలా రాయను? నిన్ను అబద్ధం మీద కూర్చోబెట్టి, అది నీకు గౌరవమని ఎలా అనుకోను?

అందుకే ఆ కవరు. పాత వివరణ ఆపమని ప్రొఫెసరు గారికి రాశాను. కొత్త జాతి కాదు, పాతదే, మనవైపు నీళ్లలో కూడా ఉంది అని మళ్లీ రాసిచ్చాను. ఫార్మలిన్‌లో ముళ్లు ఎలా కరిగాయో మూడు స్లైడుల బొమ్మలూ వేసి చూపించాను: నీది, నాది, ఎండిన ముక్కది. ఈ జంతువులను ఇకమీదట ఎవరూ అందులో ఉంచకూడదని రాశాను. రాసినవాళ్ల చోట ఇద్దరి పేర్లు. ముందు నీది. ఆయన కోప్పడతారో, మెచ్చుకుంటారో... పోస్టులో వేశాక భయం తగ్గింది, అది మాత్రం నిజం.

ఇంకో సంగతి. పర్మిట్టు తెచ్చుకున్నాను! నా ముందు నిలబడినాయన డాక్టరు చీటీ పట్టుకుని, తనలాగే నాకూ సారాయి తప్పదనుకున్నాడు కాబోలు, నన్ను జాలిగా చూశాడు. ఆఫీసరు నన్నూ, నా బొట్టునూ, దరఖాస్తునూ మార్చి మార్చి చూసి, పగడం తాగుతుందా అని అడిగాడు. తాగదు, మునుగుతుందని చెప్పాను. వరండాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతేనా సుగుణా, దీనికేనా మనం అంత జడిసింది?

అన్న పాత స్నేహితులు వేసవిలో మళ్లీ తీగ మరమ్మతుకు వెళుతున్నారట. ఏది అంటుకుని వచ్చినా పారెయ్యకుండా తెస్తామని మాటిచ్చారు. పై తరగతి ఆడపిల్లలు ఇద్దరు ఇప్పటినుంచే నా వెంటపడుతున్నారు, కోసేటప్పుడు పిలవమని. పిలుస్తాను.

ఈసారి తొందరపడను. స్పిరిట్‌లో పెడతాను, ముళ్లు తీస్తాను, పుస్తకాలన్నీ తిరగేస్తాను. నిజంగా ఎవరూ చూడనిదైతే నీ పేరు పెడతాను. ఎవరైనా ముందే చూసి ఉంటే వాళ్లు పెట్టిన పేరుతోనే పిలుస్తాను. రెండింటిలో ఏదైనా, చూసిన రోజే నీకు రాస్తాను.

నీ రుక్కు