ఓడలో అత్తమ్మ అన్నం ముట్టని సంగతి

పినాంగు,
శుక్రవారం.

అక్క హుస్సేనమ్మకు, బావగారికి చెల్లెలు సైదమ్మ సలాములు చేసి రాసుకునే ఉత్తరం.

ఇక్కడ నేను, మీ మరిది, అత్తమ్మ ముగ్గురం దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. ‘ఉభయకుశలోపరి’ అని రాయాలని బళ్ళో మాష్టారు నేర్పారు గానీ, మీ ఉత్తరం బయలుదేరిన తర్వాత అక్కడ ఎవరికి జ్వరం వచ్చిందో ఎవరికి తగ్గిందో నాకేం తెలుసు? అందుకని మా సగం కుశలమే రాస్తున్నాను. మిగతా సగం మీరు రాయాలి. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నాయన ఇంకా దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళమ్మట తిరుగుతున్నాడా, ఇంటి దగ్గరే పరుపులు కుడుతున్నాడా? దూది ఏకేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమని నా మాటగా చెప్పు. ఇంట్లో ఉండి చెప్తే ఎప్పుడూ వినలేదు, సముద్రం అవతల నుంచి చెప్పానంటేనైనా వింటాడేమో. కల్లంలో మిరపకాయలు తడిశాయని బావ రాశారు. తాలుకాయలు పోను ఎంత మిగిలిందో రాయండి. నాకు అదే బెంగగా ఉంది.

బావగారూ, ఈ ఉత్తరం మీరు అరుగు మీద కూర్చుని అక్కకు చదివి వినిపిస్తారని తెలుసు. వీధి మొత్తానికి వినబడేలా చదువుతారనీ తెలుసు. అత్తమ్మ పేరు వచ్చిన చోట కాస్త గొంతు తగ్గించండి. ఆమె ఊరు వేటపాలెం వాళ్ళు ఎవరో ఒకరు మన వీధిలో తిరుగుతూనే ఉంటారు.

‘మీ అత్త అక్కడ ఉంటుందా, తిరిగొస్తుందా’ అని అక్క అడిగింది. ఒక్క ముక్కలో చెప్పేదయితే కార్డు ముక్క చాలు. ఓడ సంగతి చెప్పకుండా అది చెప్తే మీకు అర్థం కాదు.

మద్రాసు రేవులో అత్తమ్మ అన్న మాట నువ్వూ విన్నావు కదక్కా. “నాకక్కడ పడకపోతే ఇదే ఓడలో తిరిగొస్తా, ఎవరూ నన్ను ఆపొద్దు” అంది. మామ పోయినప్పుడు ఈయన ఇక్కడి నుంచి రాలేకపోయాడు. టెలిగ్రాం అందేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. అప్పటి నుంచి అమ్మనైనా దగ్గర పెట్టుకోవాలని ఈయన పట్టు. ఆమె వెనక్కి పోతే మళ్ళీ కంటితో చూస్తాడో లేదో. ఆమెను క్షేమంగా తీసుకొచ్చే పని నా నెత్తిన పెట్టాడు. నాకా, ఆమెతో ఒక ఇంట్లో పట్టుమని పది రోజులు ఉన్నది లేదు. పెళ్ళయిన దగ్గర నుంచీ నేను అమ్మ దగ్గరే ఉన్నాను, ఆమె వేటపాలెంలో పెద్దకొడుకు ఇంట్లో ఉండి జీడిపప్పు పనికి పోయేది. ఆమెకు నేనంటే గిట్టదని నా అనుమానం. నీతో అన్నాను కూడా.

ఓడలో మాకు ఇచ్చిన గది మన వంటిల్లంత ఉంటుంది. అందులో గోడకు ఒకదాని మీద ఒకటిగా మంచాలు. మాతోపాటు ఒక అరవ పంతులమ్మ, ఆమె కూతురు. పరుపుల సంగతి నాయనకు చెప్పకు. కొబ్బరి పీచు గుడ్డలో కుక్కి పరుపంటున్నారు. అత్తమ్మ కింద మంచం మీద పడుకుని, “మీ నాయన కుట్టిన పరుపు మీద పడుకున్న ఒళ్ళు ఇది” అంది. ఆమె నోట మన ఇంటిని గురించి మంచి మాట వినడం అదే మొదటిసారి. మొదట్లో ఇద్దరికీ కడుపులో తిప్పి తిండి మాటే ఎత్తలేదు. నిమ్మకాయ ఊరగాయ నాకుతూ పడుకున్నాం.

కాస్త కుదుటపడ్డాక గంట కొడితే భోజనాల గదికి పోయాం. అక్కా, అంత పెద్ద గది నేను మన ఊళ్ళో సినిమా హాలు తప్ప చూడలేదు. నడుమ తెల్లగుడ్డ పరిచిన పొడుగాటి బల్ల మీద గిన్నెలు, పళ్ళేలు వరసగా పెట్టి ఉన్నాయి. చుట్టూ చిన్న బల్లలు, కుర్చీలు. మేం పోయి ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. వడ్డించేవాళ్ళు వస్తారని చూస్తున్నాం. తెల్లబట్టలు వేసుకున్న మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు, మా వంక చూసి నవ్వుతున్నారు గానీ ఒక్కడూ గరిటె పట్టుకుని రాడు. ఇక ఉండబట్టలేక నేను ఒకణ్ణి పిలిచి అన్నం తెమ్మని సైగ చేశాను. అతను నీళ్ళు తెచ్చి పెట్టి పోయాడు. పంతులమ్మ చూసి జాలిపడి, ఇక్కడ ఎవరూ పెట్టరని, మనమే కంచం పట్టుకుని పోయి కావలసింది పెట్టుకోవాలని వచ్చీరాని తెలుగులో చెప్పింది. దీన్ని బఫే అంటారట.

“పిలిచి అన్నం పెట్టేవాళ్ళు కంచం చేతికిచ్చి తెచ్చుకోమంటారా? ఏం మర్యాదే ఇది” అంది అత్తమ్మ.

“టిక్కెట్టు కొనుక్కొచ్చాం గదత్తమ్మా, మనల్ని పిలిచిందెవరు?” అన్నాను.

“నీకు అన్నిటికీ జవాబుంటది” అంది.

సరే, చూద్దామని ఇద్దరం లేచి బల్ల చుట్టూ తిరిగాం. తెల్లన్నం, పప్పు, చేపముక్కల వేపుడు, ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె, వెన్న, అనాసపండు ముక్కలు. మాంసం కూడా ఉంది గానీ ఎవరు కోశారో ఏమోనని దాని జోలికి పోలేదు. ఎర్రగా, మెత్తగా ఒక తీపి పదార్థం ఉంది, ఓడ ఊగినప్పుడల్లా అదీ ఊగుతుంది. దాన్ని చూడకుండా ముందుకు జరిగాను. ఒక గిన్నె నిండా జీడిపప్పు పోసి పెట్టారు. అత్తమ్మ ఒక పలుకు తీసి చూసి, “బద్దలన్నీ ఇరగ్గొట్టారు” అని మళ్ళీ గిన్నెలో వేసింది. మా పక్కన ఒక దొర తన కంచానికి తగిలిన గరిటెను అలాగే పప్పులో పెట్టాడు. అత్తమ్మ కళ్ళు మూసుకుంది.

తిరగడం అయ్యాక వచ్చి ఖాళీ కంచాల ముందు కూర్చున్నాం. “నువ్వు తిను” అంది అత్తమ్మ. “మీరు తినండి, తర్వాత నేను తింటా” అన్నాను. “నాకిప్పుడేం తొందర లేదులే, నువ్వు పెట్టుకో” అంది. అత్త తినకుండా కోడలు ముద్ద నోట్లో పెట్టకూడదని అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పి పంపిందో నీకు తెలుసు. రైలెక్కేటప్పుడు కూడా కిటికీలోంచి అదే చెప్పింది. నేను పెట్టుకోలేదు. ఆమె కూడా పెట్టుకోలేదు. జనం తిని లేచారు, తెల్లబట్టలవాళ్ళు గిన్నెలు తీసుకుపోయారు, మేం గదికి వచ్చి మూటలోని జంతికలు నమిలి నీళ్ళు తాగాం.

మర్నాడూ అంతే. పూటపూటకూ గంట కొట్టడం, మేం పోవడం, ‘నువ్వు తిను, మీరు తినండి’ అనుకోవడం, గిన్నెలు తీసుకుపోవడం. ఒకసారి నేనే ఆమె కంచంలో అన్నం పెట్టి తెచ్చి ముందు పెట్టాను. “నీ కంచమేది?” అంది. “మీరు తిన్నాక” అన్నాను. ఆ కంచం నావైపు జరిపి కూర్చుంది. జంతికలు అయిపోయాయి. సున్నుండలు చెమ్మకు పాడైపోయాయి. మంచం మీది నుంచి లేస్తుంటే ఆమెకు కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. నాకు మాత్రం బాగుందా? చేపల వేపుడు వాసనకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగేవి.

అప్పుడు పంతులమ్మ ఒక మాట చెప్పింది. రేవులో డాక్టరు ఒక్కొక్కరినే చూస్తాడట. నీరసంగా, జబ్బుగా కనబడిన ముసలివాళ్ళను దిగనివ్వరట, అదే ఓడలో వెనక్కి పంపుతారట. ఆమె పెద్దమ్మకు అలాగే జరిగిందట. అది వినేసరికి నాకు అంతా తెలిసిపోయినట్టు అనిపించింది. ఓహో, అదా సంగతి అనుకున్నాను. ఈమె కావాలనే తిండి మానింది, కొడుకు మొహం దూరం నుంచి చూసి అటు నుంచి అటే వేటపాలెం పోదామని, ఆ తప్పు నా నెత్తిన రుద్దుదామని. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని నువ్వు అంటావు కదా. ఆకలికి ఆ కోపం తోడైంది. ఇంకో రెండు పూటలు గడిస్తే రేవు వస్తుందన్నారు.

మధ్యాహ్నం గంట కొట్టగానే నేను ఆమె కోసం ఆగకుండా ముందు నడిచాను. కంచం తీసుకుని అన్నం గుట్టగా పెట్టాను. పప్పు పోశాను. చేపముక్కలు నాలుగు వేసుకున్నాను, దొర చూస్తుంటే ఇంకొకటి వేసుకున్నాను. తెచ్చి ఆమె ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టాను. అక్కా, అమ్మకు చెప్పకు, ఆ ముద్దలు పిడికిలంత ఉన్నాయి. తిట్టనీ, కొడుక్కి చెప్పనీ, ఇక చేతులు దులిపేసుకున్నానని మనసులో అనుకుంటూ తింటున్నాను. తలెత్తలేదు. కాసేపటికి ఆమె లేచి వెళ్ళిపోయింది. గదికి పోయిందనుకున్నాను.

ఆమె గదికి పోలేదు. బల్ల దగ్గరికి పోయి, ఒక గుడ్డు తెచ్చి నా కంచంలో వేసింది. మళ్ళీ పోయి అన్నం, పప్పు, చేపముక్క పెట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుని తినసాగింది. ఎంత తిన్నదనుకున్నావు? ఆ కంచం అయ్యాక ఇంకోసారి పోయి తెచ్చుకుంది. అనాసపండు కూడా తిన్నది. నేను తినడం మానేసి చూస్తున్నాను.

“ఇన్ని పూటలు ఎందుకత్తమ్మా ఎండబెట్టారు నన్ను?” అన్నాను.

“నేను నిన్ను ఎండబెట్టానా? నువ్వే నన్ను ఎండబెట్టావు. ఇంటో మనుషులు తినకుండా నేనెప్పుడన్నా తిన్నానా? మీ మావ ఉన్నప్పుడూ అంతే, పెద్దాడి ఇంట్లోనూ అంతే. అందరికీ పెట్టి, వాళ్ళు తిన్నాక నేను తింటా. నువ్వేమో ముద్ద ముట్టవాయె.”

“మీ కొడుకులు, మనవలు అంటే సరే. నేను కోడల్ని గదా, నేను తినకపోతే మీకేం?”

ఆమె నా కంచంలోని గుడ్డు పొట్టు తీస్తూ, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు నా వంక చూసింది.

“ఈ ఓడలో నా ఇంటి మనిషంటే నువ్వొక్కదానివేగా” అంది.

అక్కా, నాకు ఏడుపు వచ్చింది. అంతమంది దొరల ముందు, చేపల చెయ్యితో కళ్ళు తుడుచుకుంటే కారం తగిలి ఇంకా ఏడ్చాను. కన్నతల్లి కంటే ఎక్కువ అని నేను రాయను, రాస్తే నువ్వు నమ్మవు. కానీ ఆమెకు నేనంటే గిట్టదని నీతో అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ తర్వాత దిగేదాకా మేం గంట కొట్టకముందే తలుపు దగ్గర నిలబడేవాళ్ళం. రేవులో డాక్టరు అత్తమ్మ నాలుక చూసి, చెయ్యి పట్టుకు చూసి, పొమ్మన్నాడు. ఈయన అవతల నిలబడి ఉన్నాడు. తల్లి కాళ్ళు పట్టుకుని చాలాసేపు లేవలేదు.

ఇక ఇక్కడి సంగతులు. మేం ఉండేది మేడ మీద రెండు గదులు, కింద ఈయన పనిచేసే మసాలా దినుసుల కొట్టు. రోజూ సాయంత్రానికి వాన పడుతుంది, మన దగ్గర పడితే చేలన్నీ మునిగిపోయేవి, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. బట్టలు ఆరవు. తెలుగు మాట్లాడేవాళ్ళు పక్క వీధిలో ఒక కుటుంబం ఉంది, విశాఖపట్నం వైపు వాళ్ళు. వాళ్ళ మాట నాకు సగం, నా మాట వాళ్ళకు సగం. పగలు ఈయన కొట్లో ఉంటే ఊరు గుర్తొచ్చి దిగులేస్తుంది. అత్తమ్మ, నేను పాత చీరలు కలిపి బొంతలు కుడుతున్నాం, ఇద్దరు ముగ్గురు అడిగి కుట్టించుకున్నారు. మీరేం బెంగపెట్టుకోవద్దు. ఇక్కడి మిరపకాయ చూడ్డానికే ఎరుపు, నోట్లో వేసుకుంటే ఏమీ లేదు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే తడవని కాయలు ఏరి ఒక మూట, గోంగూర పచ్చడి ఒక జాడీ పంపండి. జాడీ మూతి మైనంతో మూయమను.

మొన్న ఆ ఓడ తిరుగు ప్రయాణానికి రేవులో ఆగింది. ఈయన పొద్దున్నే అన్నం ముందు కూర్చుని, తల్లి వంక చూడకుండా, “టిక్కెట్టు తియ్యమంటావా అమ్మా? నీ ఇష్టం, నేను బలవంతపెట్టను” అన్నాడు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

“నువ్వు పొద్దున రెండు ముద్దలు తిని కిందికి పోతావు, మళ్ళీ చీకటి పడ్డాక వస్తావు. మధ్యాన్నం ఈ పిల్ల ఒక్కతే కూచుని తినాలంట్రా?” అంది అత్తమ్మ. “నేను తినే దాకా అది తినదు, అది తినే దాకా నేను తినను. ఇద్దరికీ ఒకేసారి పెట్టుకుంటున్నాం ఇప్పుడు. ఎట్టా పోతాను?”

ఓడ వెళ్ళిపోయింది. దాని కూత వినబడేసరికి మేమిద్దరం అన్నం తింటున్నాం.

అమ్మకు, నాయనకు, మీ అత్తామామలకు నా సలాములు. పిల్లలకు ముద్దులు. దర్గాకు పోయినప్పుడు మా ముగ్గురి పేరున ఊదొత్తి వెలిగించి, చల్లగా ఉండాలని దువా చేయండి. అత్తమ్మ మీ అందరినీ అడిగానని రాయమంది.

మీ దీవెనలు కోరే చెల్లెలు,
సైదమ్మ