గ్రహం కోసం రాసిన స్తుతి చీటీ

పాస్టరు అయ్యగారికి వందనాలు.

బెంగుళూరులో నక్షత్రాల మీద పరిశోధన చేస్తున్న మా అమ్మాయి జెరూషా కొత్త గ్రహం కనిపెట్టిందని దేవునికి కృతజ్ఞతగా నేను రాసిచ్చిన స్తుతి చీటీ పోయిన ఆదివారం ఆరాధనలో మీరు చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. బయటికొచ్చాక మన సంఘంలోని ప్రేమమణి, "గా గ్రహం మన మౌలాలి గుట్ట మీదికెళ్లి కనిపిస్తదా అక్కా?" అని అడిగింది. కనిపిస్తుందనే చెప్పాను.

ఆ సంగతి ఫోన్లో చెబితే జెరూషా ఏడ్చినంత పని చేసింది. ఆ గ్రహాన్ని ఎవరూ చూడలేదట. ఒక నక్షత్రం ముందు నుంచి ఇంకో నక్షత్రం దాటిపోతుంటే, ముందుదాని ఆకర్షణ భూతద్దంలా పనిచేసి వెనకదాని వెలుగు కొన్నాళ్లు పెరుగుతుందట. మధ్యలో కొన్ని గంటలు ఇంకాస్త పెరిగితే ముందుదానికి గ్రహం ఉన్నట్టట. కానీ వెనక ఉన్నది జంట నక్షత్రమైనా అచ్చం అలాగే పెరుగుతుందట. అవి మళ్లీ ఒక వరసలోకి రావు కాబట్టి ఇంకోసారి చూసి తేల్చుకునే వీల్లేదట.

"రెండింట్లో ఏదో నాకు తెలియదమ్మా. రిపోర్టులో కూడా అదే రాశాను" అంది. మరి రెండేళ్లు దాని మీదే దేనికోసం కూర్చుందో నేను అడగలేకపోయాను.

ఒకసారి చెల్లించిన స్తుతి వెనక్కి తీసుకోవచ్చా అయ్యగారూ? తీసుకుంటే పిల్ల అబద్ధమాడిందంటారు. ఊరుకుంటే నేను ఆడినట్టు.

ఈ ఉత్తరంతో ఇంకో చీటీ పెడుతున్నాను. "గ్రహమని రాస్తే పేరొచ్చేది. అయినా తెలియదని రాసిన మా జెరూషా కోసం స్తోత్రం" అని ఉంటుంది. దీనికి సంఘం ఆమెన్ అంటుందో లేదో నాకూ తెలియదు.

ఇట్లు,
జెరూషా తల్లి
సీతాఫల్‌మండి