వెంటనే ఆగే రైలు

అయ్యా,

మొన్న మీ కొట్లో బొమ్మ రైలు సెట్టు కొని, పెట్టె మొయ్యలేక మీ చేతే గుమ్మం దాకా మోయించుకున్నదాన్ని. ఎవరికని మీరడిగితే "మావారికండీ, ఇప్పుడిప్పుడే సరదా పుట్టింది" అన్నానే గాని, ఆయన ఇరవై ఆరేళ్లు రైళ్లు నడిపారని చెప్పలేదు. చెబితే, ఎందుకు మానేశారని అడుగుతారు.

కొత్తవాళ్లకు గుండ్రటి పట్టాలు, ఒక ఇంజను, మూడు పెట్టెలు చాలన్నారు మీరు. రైలును నడిపే కంట్రోలర్ మాత్రం మంచిది తీసుకోమన్నారు, రైలు అచ్చం నిజందానిలాగే నడుస్తుందని. భోజనాల బల్ల మీద పట్టాలు అమర్చుతూ ఆయన ఈల వేశారు. రెండేళ్లయింది ఆ ఈల విని.

అంతలో ప్లాట్‌ఫారం మీది బొమ్మ మనిషి ఒకడు జారి పట్టాల మీద పడ్డాడు. ఆయన వెంటనే కంట్రోలర్ మీట తిప్పేశారు. రైలు మెల్లమెల్లగా నెమ్మదించి, బొమ్మను గుద్దుకుని దాటిపోయాక ఆగింది.

"ఇది కూడా ఆగదా?" అన్నారు.

ఆ రోజు కూడా ఆయన వెంటనే బ్రేకు వేశారండీ. విచారణలోనూ అదే తేలింది. ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి భోజనానికి కూడా రావడం లేదు.

కంట్రోలర్ తిప్పి పంపుతున్నాను. మీట తిప్పగానే ఉన్నచోటే ఆగిపోయేది, నాసిరకందైనా సరే, పంపించండి.

దీంట్లో లోపమేమీ లేదు. మీరన్నట్టే, అచ్చం నిజం రైలులాగే ఆగుతోంది.