మూడు ఆదివారాల చీటీ

బాతెల్, అమెరికా,
అక్టోబరు 15, 2012, సోమవారం.

ప్రభువు కాపుదలలో ఉన్న నా చిట్టితల్లి ఫెబీకి అమ్మ ముద్దులు. ఆయన దయవల్ల నేనూ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వూ కోలిన్ కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను.

వారం వారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం గదా, ఈ ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోనులో నేనేం చెప్పినా "అమ్మా, గట్టిగా చెప్పు, ఇక్కడ విమానాల చప్పుడు" అంటావు. గట్టిగా చెప్పలేని మాట ఒకటి నెల రోజులుగా నా దగ్గర ఉండిపోయింది. అందుకే ఇన్నాళ్ళకి కలం పట్టాను. నాలుగో తరగతిలో ఆగిపోయిన నీ తెలుగు కోసం అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. తొందరపడకుండా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు పర్వాలేదు, మెట్లు దిగేటప్పుడే కొంచెం. పెళ్ళికి నాన్న కొత్త కోటు వద్దంటున్నారు, పాతది ఇస్త్రీ చేస్తే చాలట. టికెట్లు బుక్ చేశారు. కోలిన్ తాతగారి గురించి నువ్వు రాసింది చదివి కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. "నువ్వు యాంకీవా, ఇండియా పిల్లవా? ఏదో ఒకటి తేల్చు, టీలో పాలెన్ని పొయ్యాలో నాకు తెలియాలి" అన్నాడా ఆ ముసలాయన! మీ విమానాల మోతకి తన కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని మీ అమెరికా విమానదళం బేసుకి మూడుసార్లు ఫిర్యాదు రాసిన మనిషి, ఆ విమానాలు బాగుచేసే పిల్లకే గుడ్డు వేయించి పెట్టాడంటే మంచివాడే. నాన్న ఏమన్నారో తెలుసా? "కాకినాడలో పుట్టి, ఇంగ్లండులో ఎడమ పక్క నడపడం మరిచిపోయి కారుని కాలవలో దించింది. దించింది కాక, ట్రాక్టరుతో లాగినవాణ్ణే పట్టుకుంది" అన్నారు.

ఇక నీ చివరి ప్రశ్న. "చర్చిలో నా పెళ్ళి చీటీ చదివినప్పుడు నువ్వూ నాన్నా లేచి నిలబడ్డారా? ఎవరేమన్నారు?" అని అడిగావు. దానికి జవాబు చెప్పే ముందు ఎడ్నా గారి సంగతి చెప్పనీ.

నేను పనిచేసే హోములో ఆరుగురు పెద్దవాళ్ళున్నారని నీకు తెలుసు. వాళ్ళలో ఎడ్నా గారికి ఎనభై ఎనిమిదేళ్ళు. ఆవిడ పుట్టింది ఇంగ్లండులో, మీ సఫోక్ లోనే, బేసుకి పది మైళ్ళలోపు. యుద్ధంలో అక్కడికొచ్చిన అమెరికా విమానదళం కుర్రాడు వాల్టర్‌ని చేసుకుని ఓడెక్కి ఇక్కడికొచ్చేశారు. మళ్ళీ ఆ ఊరు చూడలేదు.

ఈ రోజుల్లో పొద్దున పూట ఏటి మీద మంచు పాలమీగడలా పడుకుని ఉంటుంది. అందులోంచి అడవి బాతులు వరస కట్టి లేస్తాయి. ఎడ్నా గారు కిటికీ దగ్గర వేలు ఆడిస్తూ లెక్కపెడతారు. "పందొమ్మిది వెళ్ళాయి" అంటారు. సాయంత్రం "ఎన్ని తిరిగొచ్చాయి, రూత్ డియర్?" అని అడుగుతారు. ఆ రోజుల్లో బాంబులు వెయ్యడానికెళ్ళిన విమానాల్ని ఊరు ఊరంతా అలాగే లెక్కపెట్టేదట. పొలంలో దుంపలు తవ్వేవాళ్ళు పార నేలలో గుచ్చి, ఆకాశం వైపు చూస్తూ నిలబడేవారట. "పందొమ్మిదీ వచ్చేశాయండి" అంటాను నేను, చూడకుండానే. ఆ చిన్న అబద్ధాన్ని ప్రభువు క్షమిస్తాడనే అనుకుంటాను. పెద్దదాని సంగతే తెలియదు.

వాళ్ళమ్మ ప్రతి ఆదివారం ఇద్దరు ముగ్గురు అమెరికా కుర్రాళ్ళని పిలిచి భోజనం పెట్టేదట. వాళ్ళలో ఒకణ్ణి కొడుకులా చూసుకుంది. ఒక ఆదివారం అతని కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఆ కుర్చీని తీసుకెళ్ళి కొట్టంలో పడేసి, ఇక అమెరికా వాళ్ళ ఊసెత్తనివ్వలేదు. ఆ తర్వాతే ఎడ్నా గారు వాల్టర్‌ని ఇష్టపడ్డారు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో జంట పేర్లు చదువుతారు గదా, ఆ రెండో ఆదివారం, "ఎవరికైనా అభ్యంతరముందా" అని ఫాదరు అడగ్గానే వెనక బెంచీలోంచి వాళ్ళమ్మ లేచి నిలబడింది. "నాకుంది. అది నా బిడ్డ" అంది. అప్పటికి ఎడ్నా గారికి ఇరవయ్యే. తల్లి వద్దంటే ఇరవై ఒకటి నిండేదాకా ఆగాలి. ఆగారు, చేసుకున్నారు, వెళ్ళిపోయారు. తల్లి స్టేషనుకి రాలేదు. అమెరికా నుంచి రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. నీ చీటీ చదవలేదమ్మా.

కాకినాడలో లాగే మీ పల్లెలోనూ మూడు ఆదివారాలు పేర్లు చదువుతారని రాశావు. "చట్టానికి ఇక్కడ చదివితే చాలు. కానీ మన సంఘంలో కూడా చదివించమ్మా, అందరూ విని ప్రార్థన చెయ్యాలి" అని నీ చేత్తో రాసి పంపావు. అది సెప్టెంబరులోనే అందింది. పాటల పుస్తకంలో పెట్టుకుని చర్చికి వెళ్ళాను. మెట్ల దగ్గర రాధారాణి గారు కనిపించింది. "ఏమండీ, అమ్మాయి కాపరం ఇక అక్కడేనా? పోన్లెండి, అల్లుడు రైతేగా, కూరగాయలు పంపిస్తాడు" అంది. హాస్యానికే అంది. కానీ 'అక్కడే' అన్న మాట లోపల ఎక్కడో దిగబడిపోయింది. పాస్టరు లెవి గారు ప్రకటనలు చదువుతుంటే నేను పుస్తకం తెరవలేదు. తర్వాతి ఆదివారం తెరవలేదు. ఆ పై ఆదివారమూ అంతే. "రూతూ, పిల్ల చీటీ ఏదీ?" అని నాన్న అడిగితే, ఇంకా పోస్టులో రాలేదన్నాను. నువ్వు అడిగితే చదివారన్నాను. ఎడ్నా గారి తల్లి పదిమంది ఎదుటా లేచి నిలబడింది. నేను కూర్చునే అదే పని చేశాను.

కోలిన్‌లో నాకు తప్పేమీ కనిపించలేదు. కానీ అన్నం వార్చుకుంటూ ఉండగానే నువ్వు కనిపించేదానివి, జుట్టంతా నెరిసి, నాకు తెలియని కిటికీ దగ్గర పక్షుల్ని లెక్కపెట్టుకుంటూ. నీ పేరు చదవకపోతే నువ్వు ఇంకా నాదానివేనని అనిపించింది.

పోయిన గురువారం మధ్యాహ్నం ఎడ్నా గారికి తల దువ్వుతున్నాను. గదిలో పల్చటి ఎండ. సగం నిద్రలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా" అన్నారు.

"నేను రూతునండి."

ఆ మాట ఆవిడకి అందలేదు. "ఈ ఆదివారం లేవవు కదూ? లేస్తే నేను వెళ్ళిపోతానమ్మా. లేవకపోతే, ఎక్కడికెళ్ళినా మళ్ళీ వస్తాను" అన్నారు.

దువ్వెన నా చేతిలో ఆగిపోయింది. "లేవను తల్లీ" అన్నాను. తెలుగులోనే వచ్చింది మాట. ఆవిడకి అర్థమైనట్టే కళ్ళు మూసుకున్నారు. కిటికీ అవతల మంచు కరిగిందో, నా కళ్ళే అలా ఉన్నాయో, ఏరు కనిపించలేదు.

నిన్న ఆరాధనకి ముందే పాస్టరు గారి చేతిలో నీ చీటీ పెట్టాను. "ఇప్పుడే వచ్చిందామ్మా?" అన్నారు. "లేదండి, నా దగ్గరే ఉండిపోయింది" అన్నాను. ఆయన మడతలు సరిచేస్తూ, "సరే, ఇవాళ మొదటిసారి" అన్నారు, అంతే.

నీ పేరూ కోలిన్ పేరూ చదివారు. అభ్యంతరమున్నవారు తెలియజేయవలెనని ఆయన ఆగిన ఆ కాసేపూ పక్క గదిలో సండేస్కూలు పిల్లలు పాడుతుండడం వినిపించింది. నేను కదలకుండా కూర్చున్నాను. తర్వాత, మన సంఘంలో అలవాటు ప్రకారం, తల్లిదండ్రులు ప్రార్థనకి నిలబడండి అన్నారు. అప్పుడు లేచాను. మోకాలి నొప్పి తెలియలేదు. మగవాళ్ళ వైపు నాన్న లేచి, నా వైపే చూస్తున్నారు.

కారులో నాన్న, "పోస్టు బాగా ఆలస్యం చేసిందే" అన్నారు. నేను పాటల పుస్తకం ఒళ్ళో సర్దుకున్నాను. "పోన్లే, ఇంకా రెండు ఆదివారాలున్నాయి. పెళ్ళికి అందుతాయి" అన్నారు. ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. నీ పెళ్ళయ్యాక నేనే చెప్పుకుంటాను.

ఇవాళ సాయంత్రం మొదటిసారి బాతుల్ని నిజంగా లెక్కపెట్టాను. పదిహేడే కనిపించాయి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "పదిహేడండి" అని చెప్పి, ఆవిడ మొహం వంక భయంగా చూశాను. ఎడ్నా గారు తాపీగా దుప్పటి సర్దుకున్నారు. "ఆ రెండూ వేరే ఊళ్ళో దిగి ఉంటాయిలే, డియర్. అలా ఎన్నోసార్లు దిగేవి. పొద్దున్నే కబురొచ్చేది" అన్నారు.

నన్ను క్షమించు తల్లీ. కోలిన్‌కి నేనిచ్చిన దీవెనలు చెప్పు, ఈ కాగితాలు మాత్రం చూపించకు. నాన్నకీ వద్దు. పారెయ్యకుండా నీ దగ్గరే దాచుకో.

ఇట్లు,
మిగిలిన రెండు ఆదివారాలూ లేచి నిలబడబోయే
మీ అమ్మ.