పన్నెండో రంగం తర్వాత రెండో రంగం

అంతమాట అంటారా బావగారూ? “నా నాటకాన్ని తగలేసింది, రేపే హనుమాన్ జంక్షన్ బస్సెక్కించు” అని రాసేస్తే, కంప్యూటర్ కోర్సు సగంలో ఉన్న పిల్ల ఏమైపోవాలండీ?

మీ పన్నెండు రంగాల్నీ మీ అమ్మాయి భానుశ్రీ, రంగం అంకెనే పేరుగా పెట్టి, పన్నెండు ఫైళ్లుగా టైపు చేసింది. తర్వాత కంప్యూటర్ నల్లటి తెరమీద ‘క్యాట్’ అని కొట్టి అన్నిటినీ ఒకటే ఫైలుగా కలిపింది. ఆ యంత్రమేమో ఒకటి అంకెతో మొదలయ్యేవన్నీ ముందు పెడుతుందట. ఒకటో రంగం తర్వాత పది, పదకొండు, పన్నెండు వచ్చి, అప్పుడు రెండు వచ్చింది. అలా మీ హీరో ముందు చనిపోయి, ఆనక పెళ్లి చేసుకున్నాడు. నాకైతే అదే సహజంగా అనిపించింది.

మీ తిట్లు చదివి అమ్మాయి ఏడవలేదండీ. ఒక్కో ఫైలునీ తెరమీదికి రప్పించి చూసి, “మావయ్యా, విడి ఫైళ్లు అలాగే ఉన్నాయి. నాన్న రాసింది ఒక్క అక్షరం పోలేదు” అంది. తొమ్మిది దాకా అంకెల ముందు సున్నా చేర్చి మళ్లీ కలిపింది. నేను కళ్లజోడు తుడుచుకునేలోపు నాటకం వరసలోకొచ్చింది. మన నాటక సమాజంలో ఇన్నేళ్లూ ఎవరైనా ఆ హీరోని సమయానికి స్టేజీ ఎక్కించారా?

దీంతో పంపుతున్న కొత్త కాపీ చదివి, కోర్సయ్యేదాకా అమ్మాయిని ఇక్కడ పటమటలో మా ఇంట్లోనే ఉండనివ్వండి. మీకు చెప్పొద్దంది గానీ, మీ తిట్లకి తడవని కళ్లు, చివరి రంగం చదివేసరికి... అదిగో, అమ్మాయి పిలుస్తోంది. వస్తున్నానమ్మా. ప్రింటర్లో కాగితం ఇరుక్కుందట బావగారూ, అది లాగేసొచ్చి మిగతాది రాస్తాను.