కాలిబాట దగ్గరి ఎర్ర బోర్డు

హోమ్‌క్లఫ్, యార్క్‌షైర్
27 అక్టోబరు 1984, శనివారం

కొత్త సరుకు చూపిస్తానని సిరిల్ గార్సైడ్ పిలిచాడు. పాత రైల్వే ఎనామిల్ బోర్డులంటే మా ఇద్దరికీ పిచ్చి. ఒకరి షెడ్డు చూసి ఒకరం కుళ్లుకోవడం మామూలే. వాళ్లావిడ మోడ్ టీ ఇచ్చింది. సిరిల్ గోనెపట్టా లాగాడు. ఎర్ర రేకు, తెల్ల అక్షరాలు: ఆగండి, చూడండి, వినండి. ఎవరో రైతు దగ్గర కొన్నాడట. నేను వంగి తడుముతుంటే, "నీ కళ్లు పడితే రేకుకైనా రంగు వెలుస్తుందే, నోరా!" అన్నాడు.

28, ఆదివారం

ఎనామిల్ పెచ్చు ఊడిన చోట ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. ఆ బోర్డు స్క్రూ కన్నాల చుట్టూ తళతళలాడుతోంది. ఎవరో ఈమధ్యే పెకలించారు.

29

అలాంటి బోర్డు మా ఊళ్లో ఒక్కచోటే ఉండేది. వెళ్లి చూసి వచ్చాను. కూరగాయల మడులకు పోయే కాలిబాట పట్టాలు దాటే చోటు. గేటు లేదు, కాపలా లేదు. మలుపు తిరిగేదాకా బండి కనబడదు. బోర్డు పీకేసిన స్తంభం మాత్రం ఉంది.

30

సిరిల్‌ని అడిగేశాను. బుకాయించలేదు. "ఎలాగూ ప్లాస్టిక్‌ది పెడతారు, దీన్ని చెత్తలో పారేస్తారు. నేను కాపాడానే తల్లీ!" అన్నాడు. ఈలోగా ఎవరైనా పోతే అన్నాను. బండి వేళలు ఊరందరికీ తెలుసన్నాడు.

బోర్డు చాలా బాగుంది. అదే నా బాధ.

1 నవంబరు

రైల్వే స్టేషన్‌కి ఫోన్ చేశాను. బోర్డు లేదన్నాను, సిరిల్ పేరు చెప్పలేదు. మనిషిని పంపుతామన్నారు.

3

ఎవరూ రాలేదు.

5, సోమవారం, మధ్యాహ్నం

పొగమంచు. నేను అట్టమీద రాసి స్తంభానికి కట్టిన హెచ్చరిక నిన్నటి వానకు నానిపోయింది. ఇవాళ మంటల పండుగ. మడుల్లో కట్టెలు పేర్చారు. చీకటి పడితే ఊరంతా ఆ దారినే పోతుంది. టపాకాయల మోతలో బండి కూత ఎవరికి వినబడుతుంది? బోర్డు ఇచ్చెయ్యమని సిరిల్‌ని అడిగాను. రేపు చూద్దామన్నాడు. లాంతరు పట్టుకుని నేనే నిలబడతాను.

6

నిన్న రాత్రి నేను వెళ్లేసరికే జనం గుమిగూడారు. మోడ్ అల్లం కేకు పళ్లెంతో అందరికన్నా ముందే బయల్దేరిందట. బండి వస్తోందని వెనకనుంచి సిరిల్ కేక వేశాడట. ఆ మాట సరిగా వినబడక పట్టాల మధ్య ఆగి, వెనక్కి తిరిగి, నవ్వుతూ చెయ్యి ఊపిందట.

డ్రైవరు తప్పేమీ లేదు.

11, ఆదివారం

సిరిల్ ఆ స్తంభం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చేవాళ్లనల్లా ఆపుతున్నాడు. ఇంటికి పద అన్నాను. "ఉండు, బండి వస్తోంది," అన్నాడు.

ఆదివారం ఈ లైన్లో బండ్లు తిరగవు.